బొప్పాయిలో మగ, ఆడ, ద్విలింగ: విత్తనం నుంచి పూత దాకా

నారుమడిలో బొప్పాయి మొక్కను ఎంత పరీక్షగా చూసినా అది మగదో ఆడదో తెలియదు. ఆకు, వేరు చూసి చెబుతామనేవాళ్లను నమ్మి మొక్కలు పీకేయకండి. లింగం విత్తనంలోనే ఖాయమవుతుంది, తర్వాత కాండానికి మేకు కొట్టినా మారదు.

రెండు ఎక్స్ క్రోమోజోములుంటే ఆడ. ఎక్స్, వై ఉంటే మగ. ఆ వై స్థానంలో దానికి దగ్గరి రూపమైన వైహెచ్ ఉంటే ద్విలింగ, అంటే ఒకే పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉండేది. ఏ వై అయినా రెండు కలిస్తే పిండం బతకదు. అందుకే ద్విలింగ పువ్వును దాని పుప్పొడితోనే కట్టిస్తే నాలుగో వంతు పిండాలు పోతాయి. మిగిలినవాటిలో ప్రతి మూడింటికి సగటున రెండు ద్విలింగ, ఒకటి ఆడ. మగ ఒక్కటీ రాదు! ఆడ పువ్వుకు ద్విలింగ పుప్పొడి అందితే రెండూ సగం సగం. మగ పుప్పొడి అందితే సగం మొక్కలు మగవే.

అందువల్ల సూర్య, కూర్గ్ హనీ డ్యూ లాంటి రకాల్లో సొంత విత్తనం కట్టాలంటే, ద్విలింగ మొగ్గ మరుసటి రోజు విచ్చుతుందనగా సాయంత్రమే కాగితపు సంచి తొడిగి కట్టండి. రేకులు రాలాక తీసి, కాడకు గుర్తు కట్టండి. పండిన కాయ గింజల జిగురుపొర కడిగి నీడలో ఆరబెట్టండి. రెడ్ లేడీ హైబ్రిడ్ గింజలు మాత్రం దాచొద్దు, తర్వాతి తరంలో గుణాలు చెదిరిపోతాయి.

గుంతకు మూడు మొక్కలు, జానెడు ఎడంగా నాటండి. ద్విలింగ సొంత విత్తనమైతే మూడూ ఆడవై ద్విలింగ ఒక్కటీ దక్కని అవకాశం 27లో 1. ఒక్కటే నాటితే 3లో 1. నాలుగైదు నెలలకు పూత వస్తుంది. పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడే సన్నని గొట్టం పూలు మగవి. కాండానికి ఆనుకుని, అడుగున గుండ్రంగా ఉబ్బి, రేకులు విడివిడిగా ఉంటే ఆడవి. పొట్టి కాడకు కోలగా ఉండి, విప్పితే లోపల పిందె, కేసరాలు రెండూ కనిపిస్తే ద్విలింగ. మొదటి ఒకటి రెండు పూలతో తేల్చకండి, వారం ఆగండి. తర్వాత ఒక ద్విలింగ మొక్కను ఉంచి, మిగతావాటిని నేలమట్టంగా కోయండి. పీకితే ఉంచుకున్న మొక్క వేళ్లు కదులుతాయి.

పూసా డ్వార్ఫ్, కో-2 రకాల్లో ద్విలింగం ఉండదు. పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు ఉంచాల్సిందే.

మండుటెండల్లో ద్విలింగ పూలలో పిందె ఎదగక మగపూలలా కనిపిస్తాయి. చలిలో కేసరాలు పిందెకు అతుక్కుని కాయ వంకర పోతుంది. రెండూ వాతావరణం చేసే పనులే. కాడ పొట్టిగా ఉంటే ఆ చెట్టును నరకకండి, ఎండ తగ్గాక మళ్లీ కాయలు పడతాయి.