మెమోలో ఉన్నది ఉన్నట్టు రాయండి, లెక్క తర్వాత కట్టండి

అడ్మిషన్ కౌంటర్లో కూర్చునే ముందు ఒక స్టీలు స్కేలు దగ్గర పెట్టుకోండి. కంప్యూటర్, స్కానర్ ఎలాగూ ఇస్తారు, స్కేలు మనమే తెచ్చుకోవాలి. దాన్ని మెమో మీద అడ్డంగా పెట్టి, ఒక్కో వరుస కిందికి జరుపుతూ చదవాలి. ఇంటర్ మెమోలో వరుసలు దగ్గరదగ్గరగా ఉంటాయి. పొద్దున పదింటికి అందరి కళ్లూ బాగానే పనిచేస్తాయి. మధ్యాహ్నం మూడు దాటాక, వందో మెమో చేతికొచ్చేసరికి, ఫిజిక్స్ మార్కులు కెమిస్ట్రీ గడిలో, కెమిస్ట్రీవి ఫిజిక్స్ గడిలో పడతాయి. టోటల్ మారదు కాబట్టి ఎవరికీ తెలియదు. కెమిస్ట్రీ మార్కులు చూసి సీటివ్వాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. అప్పటికి లిస్టు పెట్టేసి ఉంటాం.

నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ అడ్మిషన్ల సెక్షన్లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ సీజన్‌కి మా సెక్షన్‌లోకి కొత్తవాళ్లు వచ్చారు. మొదటి వారం వాళ్ల పక్కన కూర్చుని చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. వేరే కాలేజీల్లో ఇదే పని చేసేవాళ్లకూ పనికొస్తాయి.

అన్నిటికంటే ముందు ఒకటి గట్టిగా పట్టుకోండి. రాసుకోవడం ఒక పని, లెక్క కట్టడం ఇంకో పని. రెండూ ఒకేసారి చేయకూడదు. మా షీట్‌లో తెల్ల గడులు, పసుపు గడులు ఉంటాయి. తెల్ల గడిలో కాగితం మీద ఏముందో అదే రాయాలి. మార్కులైతే మార్కులు, గ్రేడైతే గ్రేడు, సీజీపీఏ (పదికి కట్టే సగటు గ్రేడు) అయితే సీజీపీఏ. పసుపు గడిలో మనం కట్టిన శాతం, దాని పక్కనే ఏ సూత్రం వాడామో రాయాలి. పసుపు గడి తప్పయితే సరిచేసుకోవచ్చు. తెల్ల గడిలో మన లెక్క రాసేస్తే, అసలు కాగితంలో ఏముందో చూడటానికి ఆ పిల్లాణ్ని మళ్లీ పిలిపించాలి.

ఈ పసుపు గడులు నా వల్లే వచ్చాయి. డిగ్రీ మార్కుల మీదే మెరిట్ లిస్టు వేసే ఒక కోర్సుకి నేనే ఎంట్రీ చేశాను. ఒక అబ్బాయి బీటెక్ మెమోలో సీజీపీఏ 7.1 ఉంది. చేతికి అలవాటైపోయిన లెక్క ప్రకారం 9.5తో గుణించి 67.45 అని నేరుగా మార్కుల గడిలో కొట్టేశాను. 9.5 అనేది సీబీఎస్‌ఈ వాళ్లు పదో తరగతికి చెప్పిన లెక్క. ఆ అబ్బాయిది జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) ఆర్18, అంటే 2018 నాటి రెగ్యులేషన్స్ వర్తించే బ్యాచ్. అక్కడ సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే 66. ఒకటిన్నర శాతం కూడా తేడా లేదు, కానీ లిస్టులో ఆ రెండు అంకెల మధ్యలో ఒకమ్మాయి ఉంది. లిస్టు సరిచేసి ఫోన్ చేసేసరికి ఆమె వేరే చోట ఫీజు కట్టేసింది. "పర్లేదు మేడం" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే చెబుతున్నాను, సీజీపీఏ కనిపిస్తే క్యాలిక్యులేటర్ తీయకండి. ముందు మెమో వెనక్కి తిప్పండి. అక్కడ సూత్రం లేకపోతే ఆ యూనివర్సిటీ రెగ్యులేషన్స్ తెరిచి, ఆ బ్యాచ్‌కి ఏది వర్తిస్తుందో చూడండి. అది దొరికేదాకా పసుపు గడి ఖాళీగానే ఉంచండి.

ఇక పేరు. పదో తరగతి మెమోలో ఉన్న పేరే మనకు ఆధారం, పుట్టిన తేదీ కూడా అక్కడిదే. మన దగ్గర ఇంటిపేరు ఒక మెమోలో పూర్తిగా, ముందు ఉంటుంది. ఇంకో మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది. సీబీఎస్‌ఈలో చదివినవాళ్లకు చివరికి వెళ్లిపోతుంది. లక్ష్మి ఇంగ్లిష్‌లో ఒకచోట ఎక్స్‌తో, మరోచోట కేఎస్‌హెచ్‌తో ఉంటుంది. పాతబస్తీ నుంచి వచ్చే పిల్లల్లో పదో తరగతిలో మహ్మద్ అని పూర్తిగా ఉండి, ఇంటర్‌లో ఎండీ అని రెండక్షరాలే ఉండటం రోజూ చూస్తాం. మనకు ఏది సరైనదనిపిస్తే అది రాయకూడదు. టెన్త్‌లో ఉన్న స్పెల్లింగ్ అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. మిగతా మెమోల్లో తేడా ఉంటే రిమార్క్స్‌లో ఏ మెమోలో ఎలా ఉందో రాయండి.

పోయినేడాది నాగర్‌కర్నూల్ నుంచి ఒకమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. తెల్లవారకముందే బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగి, తొమ్మిదింటికే మా గేటు దగ్గరున్నారట. ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లు, వాటి మధ్య తడి తగలకుండా న్యూస్‌పేపర్ ముక్కలు. ఇంటిపేరు తేడా చూసి పక్క కౌంటర్లో అఫిడవిట్ తెచ్చుకోమన్నారు. ఆ పెద్దాయన ముఖం చూసి లేచి వెళ్లాను. రెండు మెమోల మీదా తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఒక్కటే. అలాంటప్పుడు మా దగ్గర ఒక పేజీ అండర్‌టేకింగ్ (హామీ పత్రం) చాలు. కౌంటర్ దగ్గరే రాయించుకుని పంపించాం. రూల్ ఎంత అడుగుతుందో అంతే అడగాలి. మనం ఊరికే అడిగే ఒక్కో కాగితం వాళ్లకు ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు ఛార్జీలు.

ఆమె ఇంటర్ మెమో లామినేషన్ చేయించి ఉంది. లామినేట్ చేసిన కాగితం మీద దిద్దుబాటు వేలికి తెలియదు, వాటర్‌మార్క్ కూడా సరిగా కనపడదు. అలాగని అనుమానంగా మాట్లాడకండి, చాలామంది పాడవకూడదనే చేయిస్తారు. హాల్ టికెట్ నంబర్‌తో ఇంటర్ బోర్డు సైట్‌లోనో, డిజిలాకర్‌లోనో చూసుకుంటే సరిపోతుంది. జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం ఉన్నా సరే, ఆన్‌లైన్‌లో దొరికేదాన్ని ఆన్‌లైన్‌లో ఒకసారి చూడాల్సిందే.

మార్కుల దగ్గర ఎక్కువమంది పొరబడేది టోటల్ విషయంలో. మన ఇంటర్ ఎంపీసీ మొత్తం వెయ్యి మార్కులు. అందులో లాంగ్వేజీలు 400, గ్రూప్ సబ్జెక్టులు (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) 600. రూల్‌లో "మొత్తం మీద" అని ఉందా, "గ్రూప్ సబ్జెక్టుల్లో" అని ఉందా చూడండి. ఒక విద్యార్థికి వెయ్యికి 512 వచ్చాయనుకోండి. 51.2 శాతం, అర్హత ఉన్నట్టే అనిపిస్తుంది. లాంగ్వేజీల్లో 248 వచ్చాయి, గ్రూప్‌లో 264 మాత్రమే. ఆరువందలకు 264 అంటే 44 శాతం. ఇంజినీరింగ్ సీటుకి గ్రూప్ సబ్జెక్టుల్లో జనరల్ వాళ్లకు 45, రిజర్వ్‌డ్ కేటగిరీలకు 40 శాతం ఉండాలి. కాబట్టి కేటగిరీ సర్టిఫికెట్ చూడకుండా ఆ అబ్బాయి గురించి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. అందుకే గ్రూప్ మార్కులకు, లాంగ్వేజీలకు వేరే గడులు పెట్టండి. టోటల్ కంప్యూటరే కూడి చూపించాలి, మెమోలో ఉన్న టోటల్‌తో అది కలవాలి. కలవకపోతే స్కేలు పెట్టి మళ్లీ చదవండి.

44.96ని 45 చేయకండి. రూల్‌లో రౌండాఫ్ చేయమని రాసి ఉంటే తప్ప రెండు దశాంశాల దగ్గర ఆపేయడమే. జాలి కలిగిన చోట ఒకలా, లేని చోట ఇంకోలా చేస్తే లిస్టు మీద నమ్మకం పోతుంది.

2021లో ఇంటర్ పాసైన బ్యాచ్ వాళ్లు ఇప్పుడు పీజీలకు, బీఈడీలకు వస్తున్నారు. కరోనా వల్ల ఆ ఏడాది సెకండియర్ పరీక్షలు జరగలేదు. ఫస్టియర్‌లో ఏ సబ్జెక్టుకు ఎన్ని వచ్చాయో సెకండియర్‌కీ అవే ఇచ్చారు, ప్రాక్టికల్స్‌కి పూర్తి మార్కులు వేశారు. రెండేళ్ల అంకెలు ఒకేలా ఉన్నాయని కొత్తవాళ్లకు అనుమానం వస్తుంది. అది మామూలు మెమోయే, మామూలుగానే రాయండి. "కరోనా బ్యాచ్" అని రిమార్క్స్‌లో రాస్తే ఊరుకోను. ఆ పిల్లల తప్పేమీ లేదు.

సప్లిమెంటరీలో పాసైనవాళ్లకు పాసైన నెల, సంవత్సరం తప్పకుండా రాయండి. ఫలానా తేదీలోపు పాసై ఉండాలని నోటిఫికేషన్లో ఉన్నప్పుడు అదే కీలకం.

ఓపెన్ స్కూల్లో, ఓపెన్ యూనివర్సిటీలో చదివినవాళ్ల ఫైళ్లకు కాస్త ఎక్కువ టైమ్ పెట్టుకోండి. ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్), తెలంగాణ ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్లు చూసి మొహం చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది చాలా తప్పు. ఇంటి పరిస్థితి బాగోలేక బడి మానేసి, పనిచేస్తూ పాసైనవాళ్లు వాళ్లు. అయితే లా కోర్సు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. బార్ కౌన్సిల్ 2008 నాటి రూల్స్ ప్రకారం, కింది తరగతులు చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లకు అర్హత లేదు. ఓపెన్‌లో చదివారా లేదా అన్నది ప్రశ్న కాదు. టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయా అన్నదే చూడాలి. మూడు మెట్లకూ సంవత్సరాలు రాస్తే షీట్ చూడగానే తెలిసిపోతుంది. ఆ వరుస లేకపోతే అప్లికేషన్ దశలోనే చెప్పేయండి, ఫీజు కట్టించుకుని మూడో నెలలో చెప్పకండి.

స్టడీ సర్టిఫికెట్లు ఏ తరగతి, ఏ ఏడాది, ఏ జిల్లా అన్నట్టు వరుసగా రాయాలి. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద లోకల్, నాన్‌లోకల్ తేలేది ఎక్కువగా వాటితోనే. మధ్యలో ఒక ఏడాది ఖాళీ కనిపిస్తే అప్పుడే అడగండి.

చూసిన ఒరిజినల్స్ అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. టీసీ లాంటివి తీసుకోవాల్సి వస్తే రసీదు ఇవ్వండి.

ఆఖరున స్క్రీన్ విద్యార్థి వైపు తిప్పండి. తెల్ల గడులు వాళ్లనే పైకి చదవమనండి. ఆ నాగర్‌కర్నూల్ అమ్మాయి చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, "మేడం, బాటనీ నాకు 54, ఇక్కడ 45 ఉంది" అంది. మెమో చూస్తే 54. అంకెలు తిరగేసింది నేనే. సరిచేసి, ప్రింట్ తీసి, ఆమెతో సంతకం పెట్టించి ఒక కాపీ ఆమె కవర్లో పెట్టాను.