పరాన్న ఈగల గుర్తింపు – 6వ పాఠం: చారలు వదిలేయండి, ఈగను పక్కకు తిప్పండి

ఈ వారం రెక్కల ఈనెల గురించి రాద్దామనుకున్నాను. మీ ఫోటోలు చూశాక అది వాయిదా వేశాను. పట్టుపురుగు మీద గుడ్డు పెట్టి, దాని లోపల పెరిగే పరాన్న ఈగే ఊజీ. ‘ఊజీ ఈగ’ అని పేరు పెట్టి పంపినవాటిలో చాలావరకు ఊజీ కాదు. కొన్ని ఇంటి ఈగలు, కొన్ని మాంసపు ఈగలు. ఒకటైతే పూల మీద వాలే పసుపు చారల ఈగ, దాని సంగతి ఇక్కడ ఎత్తను.

తేడా ఎక్కడ వచ్చిందో తెలుస్తూనే ఉంది. ఊజీ ఈగ ఉరం (రెక్కలూ కాళ్లూ ఉండే నడిమి భాగం) మీద నాలుగు నల్ల చారలు ఉంటాయని పోయిన పాఠంలో ఒక్క వాక్యం ఉంది. ఉరం పక్కనుండే మెరాన్ అనే పలక గురించీ, ఉరం వెనక ఉండే సబ్‌స్క్యుటెల్లం అనే ఉబ్బు గురించీ రాసినదంతా పక్కన పెట్టి, అందరూ ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకున్నారు. చారలు లెక్కపెట్టడం తేలిక కదా!

ఊజీకి నాలుగు చారలుండే మాట నిజమే. కానీ మీ వంటింట్లో తిరిగే ఇంటి ఈగకూ నాలుగే ఉంటాయి. మాంసపు ఈగకు మూడు. ‘మూడుంటే మాంసపు ఈగ, నాలుగుంటే ఊజీ’ అని సూత్రం కట్టుకుంటే, ఇంట్లో ఉన్న ఈగలన్నీ ఊజీలైపోతాయి.

ఇంకో చిక్కు ఉంది. ఆ చారలు గీతలు గీసినట్టు చర్మం మీద ఉండవు. ఉరం చర్మం నల్లగా ఉంటుంది. దాని మీద కంటికి విడిగా ఆనని సన్నటి నూగు, బూడిద పూత లాగా పరుచుకుని ఉంటుంది. పూత దట్టంగా ఉన్నచోట బూడిద రంగు కనబడుతుంది, పలచగా ఉన్నచోట నలుపు బయటపడుతుంది. మనం చార అనుకునేది ఆ నలుపునే. రెండు వర్ణాల ధర్మవరం చీరను అటూ ఇటూ తిప్పితే రంగు మారినట్టు, వెలుగు పడే కోణాన్ని బట్టి ఈ చారలూ మారతాయి. ఒక వైపు నుంచి చూస్తే మధ్య చార లావుగా ఒకటే ఉన్నట్టుంటుంది, ఇంకో వైపు నుంచి రెండుగా చీలినట్టుంటుంది. వేలు తగిలితే పూత రాలిపోతుంది. స్పిరిట్‌లో వేస్తే తడిసి అంతా నల్లబడుతుంది. పాత నమూనాల్లో లోపలి కొవ్వు పైకి ఊరి పూతను మింగేస్తుంది. ఫోన్ ఫ్లాష్ వేసి తీస్తే ఉన్నది పోతుంది, లేనిది వస్తుంది. పైగా మీరు పంపిన ఫోటోలన్నీ పైనుంచి, ఫ్లాష్ వేసి తీసినవే.

కాబట్టి ఈ పాఠం అయ్యేవరకు చార అనే మాట మర్చిపోండి.

ఈగను పక్కకు తిప్పండి. పది రెట్ల భూతద్దం చాలు, మైక్రోస్కోప్ అక్కర్లేదు. టేబుల్ లైటు ముందు ఒక ట్రేసింగ్ పేపర్ ముక్క అడ్డం పెట్టండి. మెరుపు తగ్గి రోమాలు విడివిడిగా కనిపిస్తాయి. నేను ఖరీదైన రింగ్ లైటు కన్నా దీన్నే ఇష్టపడతాను.

ముందు మెరాన్. నడిమి కాలి మొదలుకీ వెనక కాలి మొదలుకీ మధ్య, హాల్టియర్‌కు (రెక్క వెనక ఉండే చిన్న గుబ్బ పుల్లకు) కింద, కాస్త ముందుగా ఉన్న పలక అది. దాని మీద గట్టి ముళ్లరోమాలు ఒక వరుసలో నిలబడి ఉన్నాయా చూడండి. ఇంటి ఈగకు ఆ వరుస ఉండదు. దాని కథ అక్కడితో సరి. మాంసపు ఈగకు, ఆకుపచ్చగానో నీలంగానో మెరిసే కుళ్లు ఈగకు, ఊజీ ఉన్న టాకినిడ్ అనే పరాన్న ఈగల కుటుంబానికి ఆ వరుస ఉంటుంది. మీరు పంపిన ఇంటి ఈగలన్నీ ఈ ఒక్క మెట్టు దగ్గరే పక్కకు వెళ్లిపోవాల్సినవి.

రెక్క ఈనె వంపు చూసి ‘ఊజీయే’ అన్నవాళ్లకు కూడా ఇదే జవాబు. ఆ పెద్ద ఈనె చివర ముందుకు వంగడం ఇంటి ఈగలోనూ ఉంది.

తర్వాత సబ్‌స్క్యుటెల్లం. ఉరం వెనక చివర గరిటె మొనలా పొడుచుకొచ్చినది స్క్యుటెల్లం. దాని కింద, ఉదరానికి పైన, ఇంకో ఉబ్బు ఉందా? పక్క నుంచి చూస్తే ఒకదాని కింద ఒకటి రెండు గుండ్రటి అంచులు కనబడాలి. మాంసపు ఈగలో, కుళ్లు ఈగలో ఆ చోటు చదునుగానో లోపలికి పోయినట్టో ఉంటుంది. టాకినిడ్‌లో ఉబ్బి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఎనిమిదిన్నర వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టిన ఈ కుటుంబాన్ని పట్టుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు నాకు తెలియదు.

‘కనబడట్లేదు’ అని రాసినవాళ్లు ఉదరం పైకి లేచి ఉన్న ఈగను చూస్తున్నారు. ఎండిపోయాక చేసేదేమీ లేదు. ఈగ మెత్తగా ఉండగానే సూది మొనతో ఉదరాన్ని కొంచెం కిందికి వంచండి, ఆ ఉబ్బు దానంతట అదే బయటపడుతుంది. సూదిని ఉరం నడిమి గీతకు కుడివైపు గుచ్చండి, ఎడమ వైపు రోమాలు చెక్కుచెదరకుండా మిగులుతాయి. మధ్యలో గుచ్చితే రెండు వైపులా పాడవుతాయి. చంపడానికి మందులెందుకు? రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే చాలు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే డబ్బా మీద పేరు రాయకండి.

గొర్రెల ముక్కులో పురుగు పెట్టే ఈగ కుటుంబంలోనూ కొన్నింటికి ఈ ఉబ్బు ఉంటుంది. వాటికి నోటి భాగాలు దాదాపు ఉండవు కాబట్టి కలవరపడక్కర్లేదు.

మూడోది అరిస్టా, అంటే స్పర్శశృంగం మీదుండే సన్నటి పుల్ల. టాకినిడ్‌లలో ఎక్కువగా బోడిగా ఉంటుంది. మాంసపు ఈగలో సగం వరకు ఈక లాగా ఉంటుంది. అయితే టాకినిడ్‌లలో కొన్నింటికీ ఈక అరిస్టా ఉంటుంది కనుక దీన్ని సాక్షిగా వాడండి, తీర్పుగా వాడకండి. అంతకంటే రెక్క మొదలుకు ముందున్న చిన్న త్రికోణపు పలక మేలు. టాకినిడ్‌కు అక్కడ రెండు ముళ్లరోమాలు, మాంసపు ఈగకు మామూలుగా నాలుగు. ఈ నాలుగు లెక్కపెట్టండి, అభ్యంతరం లేదు.

ఇక హిందూపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరం. “సార్, చచ్చిన పట్టుపురుగు పెట్టిన డబ్బాలోంచే వచ్చింది సార్, ఇంకేం రుజువు కావాలి?” అని. చచ్చిన పురుగు దగ్గరికి మాంసపు ఈగ వాసన పట్టి వస్తుంది. అది గుడ్లు కాదు, ఏకంగా పిల్లపురుగులనే వదులుతుంది. డబ్బా మూతకు వల కట్టినా, వల మీద వాలి లోపలికి జారవిడవగలదు. ఆ డబ్బాలోంచి వచ్చిన ఈగ పురుగును చంపిందో, చచ్చాక తిన్నదో డబ్బా చెప్పదు. ఫోటో చూశాను, అది మాంసపు ఈగ. ఆయన టెన్షన్‌తో షెడ్డంతా తిరగేశారట.

రుజువు కావాలంటే బతికున్న పురుగుతో మొదలుపెట్టాలి. ఊజీ తల్లి పట్టుపురుగు చర్మం మీద తెల్లటి గుడ్డు అంటిస్తుంది. అది కంటికి కనబడుతుంది. పిల్ల లోపలికి దూరిన చోట నల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ ఉన్న పురుగును విడిగా, సన్నటి బట్ట కట్టిన డబ్బాలో పెంచండి, అడుగున ఇసుక వేయండి. ముందు దశల్లోనే ఊజీ పట్టిన పురుగు గూడు కట్టకుండానే చస్తుంది. ఆఖర్న పట్టినదైతే గూడు కడుతుంది, కానీ ఊజీ పురుగు ఆ గూటికి తూటు పెట్టి బయటికొస్తుంది. తూటు పడ్డ గూడు రీలింగ్‌కు, అంటే దారం తీయడానికి, పనికిరాదు. రైతుకు అలా అయినా నష్టమే, ఇలా అయినా నష్టమే.

దక్షిణాదికి ఈ ఈగ పాత చుట్టం కాదు. బెంగాల్‌లో ఎప్పటినుంచో ఉంది. 1980లో అక్కడి నుంచి తెచ్చిన గూళ్లతో కర్ణాటకలో దిగి, పక్క రాష్ట్రాల పట్టు ప్రాంతాలకు పాకింది. అందుకే ఊజీ పేరు చెప్పగానే చేతికందిన ఈగనల్లా చంపాలనిపిస్తుంది. కానీ ఇదే కుటుంబంలో కార్సీలియా ఇల్లోటా అనే ఈగ ఉంది. కంది చేలో శనగపచ్చ పురుగును లోపలి నుంచి తినేస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థవాళ్లు ఆ పురుగుల్లోంచి దాన్ని పెంచి తీశారు. షెడ్డులో శత్రువు, చేలో మిత్రుడు, ఇద్దరికీ సబ్‌స్క్యుటెల్లం ఒకేలా ఉబ్బి ఉంటుంది. కుటుంబం పేరు తేలినంత మాత్రాన మందు డబ్బా తీయకండి. జాతి దాకా వెళ్లే దారి రాబోయే పాఠాల్లో వస్తుంది.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను.

ఇంట్లో ఒక ఇంటి ఈగ, చేపల మార్కెట్‌లో ఒక మాంసపు ఈగ పట్టండి. మూడోదాన్ని మీరే పెంచాలి. పట్టు షెడ్డు దగ్గర లేనివాళ్లు కంది మీద శనగపచ్చ పురుగులో, ఆముదం మీద దాసరి పురుగులో బతికున్నవి తెచ్చి విడివిడి డబ్బాల్లో ఉంచండి. ఈగ రాకపోవచ్చు, సీతాకోక జాతి పురుగే రెక్కలొచ్చి ఎగిరిపోవచ్చు. మళ్లీ తెచ్చుకోండి. వచ్చిన ఈగతోపాటు అది వదిలిన గోధుమరంగు పొట్టునూ అదే సూదికి ఒక చిన్న గొట్టంలో తగిలించండి, పారేయకండి. వచ్చే పాఠం మొత్తం దాని మీదే.

మూడింటికీ ఉరం ఎడమ పక్కను పెన్సిల్‌తో గీయండి. ఫోటో మీద పెట్టి గీయడం కుదరదు, భూతద్దంలో చూసి గీయాలి. మెరాన్ మీద ఎన్ని ముళ్లరోమాలు కనబడితే అన్నే వేయాలి. తర్వాత తడి కుంచెతో మూడింటి ఉరం మీదా పూత తుడిచేయండి. ఇంట్లో ఎవరినైనా సూదుల లేబుళ్లు మూసి వరస మార్చమనండి. ఏది ఏదో చెప్పండి. ఒక్కటి తప్పినా మొదటి బొమ్మ నుంచి మళ్లీ గీయండి.

లేబుల్ మీద ఊరు, తేదీ, పురుగు పేరు, అది తిన్న మొక్క ఉండాలి. ఈ నాలుగూ లేని ఈగ ఎంత అందంగా ఎండినా నాకు అక్కర్లేదు. ఈసారి పక్క నుంచి తీసిన ఫోటోలే పంపండి. పైనుంచి తీసినవి తెరవను.