ఫిబ్రవరిలో క్రాపీ పడట్లేదా? రంగు మార్చేముందు లోతు కొలవండి

ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి సగందాకా క్రాపీ చేప గురించి నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. "అన్నా, లావన్ లేక్‌కి వెళ్లాం, పొద్దున్నుంచి సాయంత్రందాకా కూర్చున్నాం, ఒక్కటీ పడలేదు, ఏ రంగు జిగ్ వాడాలి?" డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో నుంచి, ప్లేనో నుంచి, అర్వింగ్ నుంచి, ఎవరు చేసినా అడిగేది జిగ్ రంగు గురించే, అంటే సీసపు తల ఉన్న కొక్కెపు ఎర రంగు గురించే. స్టాపర్ నుంచి, అంటే దారం మీద బెండుని ఆపే ముడి నుంచి, కొక్కెందాకా దారం ఎన్ని అడుగులుందో కొలిచారా అని నేను అడిగితే మాత్రం అవతల మాట ఉండదు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను. జిగ్ కట్టడం, మిన్నోని (ఎరగా వాడే చిన్న చేపని) పెదాల దగ్గర గుచ్చడం, స్టాపర్ దాకా దారం మీద జారే బెండు అమర్చుకోవడం మీకు వచ్చనుకునే రాస్తున్నా, వాటి జోలికి వెళ్లను.

పొద్దంతా కాటు లేదు, పక్కవాళ్లకీ లేదు

ఇందులో "పక్కవాళ్లకీ లేదు" అన్నదే ముఖ్యం. అందరికీ పడకపోతే చోటు తప్పు, లేదా రోజు తప్పు. పక్కవాళ్లకి పడుతూ మీకు పడకపోతే అది వేరే జబ్బు, దాని గురించి కింద చాలా చెప్పాలి. ముందు మీకున్నది ఈ రెంటిలో ఏదో తేల్చుకోండి.

క్రాపీ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చేది నీళ్లు 60 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి చేరాకే. ఉత్తర టెక్సస్‌లో ఫిబ్రవరి చివర నీళ్లు చాలాసార్లు ఇంకా 50ల్లోనే ఉంటాయి. అప్పటికి చేప దారి మధ్యలో ఉంటుంది: వాగు వచ్చి లేక్‌లో కలిసే చోటు, నీళ్లకింద పాత వాగు గట్టు అంచు, వంతెన స్తంభాలు, మునిగిన చెట్ల కొమ్మలు, పన్నెండు నుంచి ఇరవై అడుగుల నీళ్లు. మనవాళ్లేమో బయట 75 డిగ్రీల ఎండ చూసి టీషర్టు వేసుకుని మూడడుగుల నీళ్లున్న ఒడ్డున కూర్చుంటారు. ఎండ మనకి తగిలినంత తొందరగా నీళ్లకి తగలదు.

పడవ ఉన్నవాళ్లు ఇంకో చోట మోసపోతారు. ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపల్నీ లోతునీ చూపించే యంత్రం) చూపించే ఉష్ణోగ్రత నీటి పైభాగానిది, అంతే. గాలి లేని మధ్యాహ్నం మూడింటికి పైన ఒక అడుగు నీళ్లు వేడెక్కి 59 చూపిస్తే, పదడుగుల కింద 52 ఉండొచ్చు. నేను చవక థర్మామీటర్ ఒకటి దారానికి కట్టి, కింద చిన్న సీసపు గుండు తగిలించి, పదడుగుల లోతున మూడు నిమిషాలు ఉంచి చటుక్కున లాగి చూస్తాను. అది కూడా లేకపోతే పొద్దున్నే పైన ఎంత చూపిస్తుందో ఆ అంకె నమ్మండి, మధ్యాహ్నం అంకె నమ్మకండి. ఒడ్డునుంచే వేసేవాళ్లకి ఉత్తరపు ఒడ్డు నయం, చలిగాలి ఉత్తరం నుంచి వస్తుంది కాబట్టి అక్కడ చాటు ఉంటుంది, దక్షిణపు ఎండ రోజంతా పడుతుంది, నీళ్లు ముందు అక్కడే వేడెక్కుతాయి.

నార్తర్ దిగిందంటే, అంటే పొద్దున 70 ఉన్నది సాయంత్రానికి 40కి పడిపోయే ఆ గాలి వచ్చిందంటే, తర్వాత రెండు రోజులు కష్టం. ఆకాశం నీలంగా మెరుస్తూ ఎంతో బాగుంటుంది, చేప మాత్రం లోతుకి జరిగి కొమ్మల్లోకి నక్కి ఉంటుంది. జిగ్ ఆడించకండి. కొమ్మల పక్కనే దించి ఒక నిమిషం కదలకుండా వదిలేయండి. ఆ నిమిషం ఓపిక పట్టలేక చేప లేదనుకుని లేచి వెళ్లిపోయినవాళ్లని ఎంతమందిని చూశానో. వీలుంటే నార్తర్ రావడానికి ముందు రోజు వెళ్లండి, వాతావరణం యాప్ ఎలాగూ చెబుతుంది.

పక్కవాడికి పడుతున్నాయి, నాకు పడట్లేదు

ఇదీ అసలు సంగతి. దీని చేతిలో నేను రెండు సీజన్లు దెబ్బతిన్నాను.

వంతెన కింద, ఫిబ్రవరి చివర, నాకు పదిహేనడుగుల దూరంలో ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయనదీ 1/16 ఔన్స్ జిగ్, నాదీ అదే. ఇద్దరివీ జారే బెండ్లే, నీళ్లూ అవే. ఆయనకి గంటలో ఏడెనిమిది పడ్డాయి, నాకు సున్నా. నేను తెలుపు వేశాను, గులాబీ వేశాను, నలుపు పసుపుపచ్చ కలిసినది వేశాను, చివరికి ఆయన వాడుతున్న రంగే ఆయన్నే అడిగి తీసుకుని వేశాను. సున్నా. అప్పుడాయన నా దారం చేతిలోకి తీసుకుని కొక్కెం నుంచి స్టాపర్ దాకా కొలిచి చూపించాడు. నేను పొద్దున ఎనిమిదడుగులకి పెట్టుకున్నాననుకున్నది పదకొండు దాటి ఉంది. చేపలు తొమ్మిదడుగుల లోతులో ఉన్నాయి. నా ఎర మధ్యాహ్నమంతా వాటి పొట్టకింద వేలాడుతూ ఉంది.

రెండడుగులు కిందుంటే ఏమవుతుందంటారా? క్రాపీని చేతిలో పట్టుకుని ఒకసారి జాగ్రత్తగా చూడండి. కళ్లు తల పైభాగానికి ఉంటాయి, నోరు పైకి తెరుచుకుంటుంది. అది పైకి చూసి, పైకి లేచి తినే చేప. తలమీద రెండడుగుల ఎత్తున ఎర కనిపిస్తే లేచి వస్తుంది, చలినీళ్లలో బద్ధకంగా ఉన్నా సరే వస్తుంది. అదే ఎర కడుపు కింద అర అడుగున ఉంటే దానికి లేనట్టే. అందుకే తప్పు చేస్తే పైవైపు చేయాలి. మనకి అలవాటు దీనికి ఉల్టా. ఊళ్లో చెరువులో జెల్లలకీ వాలుగకీ వేసిన చేతులు మనవి, ఎర అడుగుకి చేరిందో లేదో చూసుకుంటేనే గాలం వేసినట్టు అనిపిస్తుంది. ఇక్కడ ఆ తృప్తే కొంప ముంచుతుంది.

సరే, ఎనిమిది పదకొండు ఎలా అయింది? స్టాపర్ జరిగింది. దారపు ముడైనా రబ్బరు పూసైనా జరుగుతుంది. క్రాపీకి మనం వాడే 4 పౌండ్ల బరువు తట్టుకునే దారం చాలా సన్నం, దుకాణంలో దొరికే స్టాపర్లలో కొన్ని దానికంటే లావు దారాలకి చేసినవి, సన్నం దారం మీద వాటికి పట్టు ఉండదు. విసిరిన ప్రతిసారీ ఆ ముడి గాలపు కర్రకున్న రింగుల్లోంచి బయటికి దూసుకుపోవాలి. కొసన ఉన్న చిన్న రింగు దాన్ని కాస్త ఆపుతుంది, దారం ముందుకి పోతుంది, ముడి వెనక్కి, అంటే రీలు వైపుకి, ఒక అరంగుళం మిగిలిపోతుంది. నలభైసార్లు విసిరితే ఆ అరంగుళాలన్నీ ఎంతవుతాయో మీరే లెక్కవేయండి. చేప బెండుని కిందికి లాగినప్పుడు కూడా బెండు ముడిని అదే వైపుకి నెడుతుంది. మొదట రెండు చేపలు పడి తర్వాత ఆగిపోయిందనీ, గుంపు వెళ్లిపోయిందనీ చెప్పేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. గుంపు ఎక్కడికీ పోలేదు, ఎర కిందికి దిగింది.

ఏం చేయాలో చెబుతాను. స్టాపర్ ముడిని తడిపి గట్టిగా బిగించండి, ఒకటి కాదు, పక్కపక్కనే రెండు వేయండి. ముడి దగ్గర దారం మీద చెరగని మార్కర్‌తో గీత పెట్టుకోండి, ముడి గీత నుంచి జరిగితే కంటికి తెలిసిపోతుంది. ప్రతి పది విసుర్లకీ ఒకసారి కొలవండి. టేపు అక్కర్లేదు, మన పాత పద్ధతే చాలు: బార. రెండు చేతులు చాపితే ఎంతో ఇంట్లో గోడకి ఆనుకుని ఒకసారి కొలుచుకోండి, నాది ఐదున్నర అడుగులు, మీది వేరేగా ఉండొచ్చు. కొక్కెం ఒక చేత్తో పట్టుకుని ఒక బార, ఇంకో అర బార, నాకైతే ఎనిమిదికి కాస్త పైన. పది సెకన్ల పని. ఈ పది సెకన్లు పెట్టడానికి బద్ధకించి పెట్టెలో జిగ్గులన్నీ తిరగేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ చలిలో పిల్లల్ని కూడా తీసుకుని వస్తారు, పిల్లలకి ఒక్కటీ పడకపోతే మళ్లీ రానంటారు.

చేప ఏ లోతున ఉందో తెలియనప్పుడు పైనుంచి కిందికి వెతకండి, కిందనుంచి పైకి కాదు. నాలుగడుగులతో మొదలుపెట్టి, పది నిమిషాలకి ఒక అడుగు చొప్పున దించుకుంటూ పోండి. ఇద్దరుంటే ఇద్దరూ వేర్వేరు లోతుల్లో వేయండి. కాటు పడిన లోతు దొరికాక దానికి ఒక అడుగు పైన పెట్టి చూడండి, తరచూ పెద్ద చేప అక్కడ పడుతుంది. వానలు పడ్డ వారంలో లేక్ మట్టం కూడా చూసుకుని వెళ్లండి. లావన్ మామూలు మట్టం సముద్రమట్టానికి 492 అడుగులు, లూయిస్‌విల్ లేక్‌ది 522, రెండూ ఆర్మీ కోర్ (అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం) చేతిలో ఉన్నవే, రోజువారీ అంకె నెట్‌లో దొరుకుతుంది. మట్టం రెండడుగులు పెరిగితే, పోయినవారం కొమ్మల పైకొసకి సరిగ్గా అడుగు పైన పెట్టుకున్న ఎర ఇప్పుడు మూడడుగుల పైన ఉంటుంది. మట్టం తగ్గితే కొమ్మల్లోకే దిగి చిక్కుకుంటుంది.

గాలి గట్టిగా ఉన్నప్పుడు తేలిక జిగ్ నిలువుగా దిగదు, ఏటవాలుగా ఈడ్చుకుపోతుంది, అప్పుడు 1/8 ఔన్స్‌కి మారండి లేదా జిగ్ పైన చిన్న గుండు ఒకటి నొక్కండి.

బెండు పక్కకి ఒరిగి పడుకుంటోంది

మూడు కారణాలున్నాయి. విసిరిన వెంటనే పడుకుని అలాగే ఉంటే ఎర అడుగున కూర్చుంది, లేదా కొమ్మ మీద ఆగింది. ఒక అడుగు తగ్గించండి, ఇంకో అడుగు తగ్గించండి, బెండు లేచి నిలబడేదాకా. నిలబడినప్పటి కొలత దాదాపు అక్కడి లోతు, గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. ఎంత తగ్గించినా నిలబడకపోతే బరువు చాలట్లేదు, చలికి దారం చుట్టలు చుట్టలుగా బిగుసుకుని బెండులోంచి జారట్లేదు, బరువు పెంచండి లేదా దారం మార్చండి.

మూడోది మీకు కావాల్సింది. నిలబడి ఉన్న బెండు కాసేపటికి ఉన్నట్టుండి మెల్లగా పక్కకి వాలిందంటే అది చేప. ఎరని నోట్లో పెట్టుకుని పైకి లేచింది, బరువు తగ్గి బెండు పడుకుంది. బెండు బుడుంగున మునగాలని కాచుకుని ఉంటే ఈ లోపు ఉమ్మేస్తుంది. చలినీళ్లలో సగం కాట్లు ఇలాగే వస్తాయనుకోండి. వాలగానే వదులు దారం చుట్టేసి గాలపు కర్ర మెల్లగా ఎత్తండి.

పడింది, ఒడ్డుకి వచ్చేలోపు జారిపోయింది

గట్టిగా గుంజారు. క్రాపీ నోరు కాగితం లాంటిది, ఇక్కడివాళ్లు దాన్ని పేపర్ మౌత్ అనే పిలుస్తారు. కొరమీనుకి గుంజినట్టు గుంజితే పెదవి చిరిగి కొక్కెం ఊడుతుంది. డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే రీలు బిగింపు) వదులు చేసుకోండి, మెత్తటి కర్ర వాడండి, వల పెట్టి ఎత్తండి, దారం పట్టి ఒడ్డుమీదికి వేలాడదీయకండి. అంతే.

నీళ్లు బురదగా మారాయి

చల్లటి వానకి వాగులోంచి వచ్చే ఎర్రనీళ్లు రెండు విధాల చెడ్డవి, చేపకి ఎర కనిపించదు, పైగా నీళ్లు చల్లన. వాగు పైభాగం వదిలేసి డ్యామ్ వైపుకి, తేట ఉన్న వైపుకి వెళ్లండి. మరీ ఎర్రగా కాకుండా పలచటి టీ రంగులో ఉంటే భయపడకండి, అలాంటి నీళ్లు ఎండకి తొందరగా వేడెక్కుతాయి, చేప కూడా కాస్త పైకి, కొమ్మలకి దగ్గరగా వస్తుంది. రంగు గురించి నేను ఒప్పుకునేది ఈ ఒక్కచోటే: బురదలో నలుపు పసుపుపచ్చ కలిసిన పెద్ద జిగ్ వేయండి, ఎరని కొమ్మకి అరడుగులోపు దించండి.

ఇక మిగతావి

చంద్రుడు, చేతికి సన్‌స్క్రీన్ వాసన, దారం ఏ కంపెనీది, మిన్నో ఏ దుకాణంది, ఇవన్నీ అడుగుతారు. మిన్నో చచ్చి ఉంటే మార్చండి. మిగతావాటి వల్ల ఇన్నేళ్లలో నేను ఒక్కరోజు కూడా పోగొట్టుకున్నట్టు గుర్తులేదు.

పట్టాక చూసుకోవాల్సినవి రెండున్నాయి. టెక్సస్‌లో మామూలుగా క్రాపీ 10 అంగుళాలు ఉండాలి, మనిషికి రోజుకి 25, తెల్లవీ నల్లవీ కలిపి. పదిహేడేళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ కావాలి. లేక్ ఫోర్క్ వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త, అక్కడ డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరిదాకా సైజు లెక్క లేదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాలి, చిన్నదని జాలిపడి వదలకూడదు. చలికాలంలో లోతునుంచి లాగిన చేప వదిలినా బతకడం కష్టం, అందుకే ఆ నియమం. బయల్దేరేముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్ల సైట్‌లో ఆ ఏడాది నియమాలు ఒకసారి చూసుకోండి.

ఇన్ని చేసినా పడకపోతే నాకు ఫోన్ చేయండి, కానీ చేసేముందు దారం బారలు పెట్టి కొలిచి ఆ అంకె దగ్గర ఉంచుకోండి, నేను మొదట అడిగేది అదే.