బట్ట మీద మెలిక ముగ్గు: కుట్టు ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ధనుర్మాసంలో చెన్నై వాకిళ్లలో వేసే మెలిక ముగ్గు ఎంబ్రాయిడరీకి బాగా ఒదుగుతుంది. చుక్కలెన్ని, మెలిక ఎటు తిరగాలి అన్నది మీ ఇష్టం కాబట్టి అచ్చు డిజైను కొనకండి, మీ చేత్తోనే గీసుకోండి. కింది కొలతలన్నీ లేత రంగు కేస్‌మెంట్ బట్టకు (సాదా నేత కాటన్), ఆరు పోగుల నూలు దారంలోంచి తీసిన రెండు పోగులకు, 7 లేదా 8 నంబరు ఎంబ్రాయిడరీ సూదికి సరిపోతాయి.

వంపు గుండ్రంగా రాకుండా పలకలు తేలుతోంది

కుట్టు పొడవు ఎక్కువైంది. తిన్నటి గీత మీద కాడకుట్టు (స్టెమ్ స్టిచ్) 4 మి.మీ. ఉన్నా బాగుంటుంది. వంపు దగ్గరపడగానే 3కి, మలుపులో 2 మి.మీ.కి తగ్గించండి.

వంపు సాఫీగానే వచ్చినా తాడులా కనిపించే పురి మధ్యలో తిరగబడిందంటే, దారం గీతకు ఒక పక్క నుంచి రెండో పక్కకు మారిందన్నమాట. దారం మొదటి నుంచి చివరి దాకా ఒకే పక్కన ఉండాలి. అందుకోసం మెలికతో పాటు ఫ్రేమును కూడా తిప్పుకుంటూ కుట్టాలి.

గీతలు దాటుకునే చోట ముద్దగా ఉంటే, రెండోసారి వచ్చిన సూది మొదటి దారాన్ని చీల్చింది. ఒకే కుట్టు మొదటి గీతకు ఇవతల పైకి లేచి, అవతల దిగేలా ముందు నుంచే పొడవు సర్దుకోండి. ముగ్గు అందమంతా ఈ దాటింపులోనే ఉంది, ఇక్కడ తొందర పనికిరాదు. విప్పాల్సి వస్తే సూది కన్ను ఉన్న కొసతో విప్పండి, మొనతో విప్పితే పోగులు చీలతాయి.

చుక్కలు బట్ట వెనక్కి జారిపోతున్నాయి

ముగ్గు చుక్కల కోసం ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే ముడి) వేసేటప్పుడు సూది పైకి వచ్చిన రంధ్రంలోనే దిగుతోంది. ఒకటి రెండు నేతపోగులు పక్కకు జరిపి దించండి. సూది పూర్తిగా దిగేదాకా రెండో చేత్తో దారం బిగువు వదలొద్దు. చుక్క పెద్దది కావాలంటే చుట్లు పెంచకండి, ముడి వదులై ఒరిగిపోతుంది. చుట్లు ఒకటి రెండే ఉంచి, పోగులు మూడో నాలుగో తీసుకోండి.

ఫ్రేము తీయగానే బట్ట ముడుచుకుంది

దారం మరీ గట్టిగా లాగడం ఒక కారణం. దారం బట్టకు ఆనగానే చెయ్యి ఆపాలి. ఉతికాక ముడుచుకుంటే మాత్రం బట్టదే లోపం. గోడౌన్ స్ట్రీట్‌లో కొన్నా, టీ నగర్‌లో కొన్నా కొత్త కాటన్‌కు గంజి ఉంటుంది, నీళ్లు తగిలితే కుంచించుకుపోతుంది. ముందే నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేయండి. ఇప్పటికే ముడుచుకున్నదాన్ని తడిపి, దళసరి అట్ట మీద తుప్పు పట్టని పిన్నులతో అన్ని వైపులా సమంగా లాగిపెట్టి ఆరనివ్వండి. తువ్వాలు పరిచి, కుట్టు వైపు కిందకు పెట్టి ఇస్త్రీ చేయాలి.

దారం నూగు లేస్తోంది, చిక్కుపడుతోంది

మూరెడు మించి తీయకండి. పోగులు ఒక్కొక్కటే లాగి, మళ్లీ కలిపి ఎక్కించండి. మధ్యమధ్యలో సూదిని గాల్లో వేలాడదీస్తే పురి దానంతటదే విడిపోతుంది.

ఎర్ర దారం రంగు బట్టకు దిగింది

ఆరనివ్వొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. తడిగా ఉండగానే చల్లటి నీళ్లలో ముంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. ముగ్గు చుట్టూ వేసే ఎర్రమట్టి అంచు కోసం ఎర్ర దారం వాడేవాళ్లు ముందే ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూసుకోవాలి.

నీలం మార్కరు గీత పోవడం లేదు

నీళ్లతో పోయే రకం గీత మీద ఇస్త్రీ వేడి తగిలితే అది పట్టేసుకోవచ్చు. ముందు సబ్బు లేని చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాతే ఇస్త్రీ పెట్టండి.

గోధుమరంగు మచ్చ

చెన్నై తేమకు బట్టలో గుచ్చి వదిలేసిన సూది తుప్పు పడుతుంది. తెల్ల కాటన్ మీదైతే నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో ఉంచి ఉతకండి. రంగు దారానికి అది తగలనివ్వొద్దు, వెలిసిపోవచ్చు. పని ఆపినప్పుడల్లా సూదిని తీసి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.