ఏపీ స్కోరు ఉంది, కొత్త యూనివర్సిటీలో క్రెడిట్ లేదు: ఎక్కడ ఆగిందో ఇలా వెతకండి

అమెరికాలో హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే స్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి సబ్జెక్టులకు రాసే) పరీక్షలు రాసి, ముందు ఒక కాలేజీలో చేరి, ఏడాది రెండేళ్ల తర్వాత ఇంకో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతున్న పిల్లల కోసం, వాళ్ల వెనక టెన్షన్ పడుతున్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుందని, మంచి స్కోరు వస్తే ఆ కోర్సు చదివినట్టే లెక్కేసి యూనివర్సిటీ క్రెడిట్ (యూనిట్లు) ఇస్తుందని, పరీక్షలు మే నెలలో, ఫలితాలు జూలైలో అని మీకు తెలుసనే అనుకుంటాను. ఏటా ఆగస్టు రాగానే నాకు తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: "ఏపీలో 5 వచ్చింది, ఇక్కడేమో మళ్లీ కాల్‌క్యులస్ తీసుకోమంటున్నారు, ఏం చేయాలి?"

ఆఫీసులకు ఫోన్లు చేసేముందు ఒక పని చేయండి. ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ సైట్‌లో మీ అకౌంట్ తెరిచి, స్కోర్లు ఏ కాలేజీకి, ఏ తేదీన పంపారో చూడండి. పంపారా లేదా అని కాదు, ఎవరికి పంపారో చూడండి. చాలామంది ఈ ఒక్క పనీ వదిలేసి మిగతావన్నీ చేస్తారు.

సమస్య: కొత్త యూనివర్సిటీలో మీ క్రెడిట్ పేజీ పూర్తిగా ఖాళీగా ఉంది

పాత కాలేజీ కోర్సులు కూడా రాకపోతే గొడవ ఏపీది కాదు, పాత కాలేజీ ట్రాన్స్‌క్రిప్టే (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రం) ఇంకా చేరలేదు. అది తెప్పించుకోండి. హైస్కూల్ నుంచి నేరుగా చేరినవాళ్లకు ఏపీ ఒక్కటే రాకపోతే, స్కోరు అధికారికంగా వెళ్లిందా లేదా అని చూడాలి. అప్లికేషన్‌లో మనం టైప్ చేసిన స్కోరు అడ్మిషన్ వరకే పనికొస్తుంది, క్రెడిట్‌కు పనికిరాదు. స్క్రీన్‌షాట్ గానీ, మనం డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్ గానీ చెల్లవు. కాలేజ్ బోర్డ్ నుంచి నేరుగా యూనివర్సిటీకి వెళ్లాలి. ఇంకో పొరపాటు, హైస్కూల్ మార్కుల జాబితాలో "ఏపీ కెమిస్ట్రీ: ఏ" అని ఉంది కదా అనుకోవడం. అది క్లాసులో వచ్చిన గ్రేడు. క్రెడిట్ ఇచ్చేది మే నెలలో రాసిన పరీక్ష స్కోరుకు. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదవడం) అయితే దారే వేరు, దానికి ఏ కాలేజీ ఆ కోర్సు నడిపిందో ఆ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి.

పంపినట్టు కనబడుతోంది, వాళ్లేమో రాలేదంటున్నారు అంటే పేరు చూడండి. మన పిల్లల విషయంలో ఇది మామూలుగా జరిగేదే. స్కూల్ రికార్డుల్లో ఇంటిపేరు ఒకచోట, పాస్‌పోర్టులో ఇంకోచోట ఉంటుంది, ఒకదాంట్లో పొడి అక్షరం, మరోదాంట్లో పూర్తి పేరు. యూనివర్సిటీ అప్లికేషన్ పాస్‌పోర్టు ప్రకారం నింపుతాం, ఏపీ పరీక్షకు పేరు స్కూల్లో ఉన్నట్టు పడుతుంది, రెండూ కలవక స్కోరు ఎవరి ఫైల్లోకీ వెళ్లకుండా పక్కన ఉండిపోతుంది. స్టూడెంట్ ఐడీ, పుట్టినతేదీ, స్కోరు రిపోర్టు మీద అచ్చంగా ఎలా ఉందో ఆ పేరు, పంపిన తేదీ ఇస్తూ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఈమెయిల్ పెడితే వెతికి కలుపుతారు. స్కూల్ ఈమెయిల్‌తో ఒకటి, సొంత ఈమెయిల్‌తో ఒకటి, రెండు కాలేజ్ బోర్డ్ అకౌంట్లు ఉంటే స్కోర్లు సగం అక్కడ, సగం ఇక్కడ ఉండొచ్చు. కాలేజ్ బోర్డ్‌కే ఫోన్ చేసి రెండూ కలపమని అడగండి, అది అయ్యాకే రిపోర్టు పంపండి.

సమస్య: పాత కాలేజీ కోర్సులన్నీ వచ్చాయి, ఏపీవి మాత్రం మాయమయ్యాయి

అసలు రాయాలనుకున్నది దీని గురించే. చూడటానికి అంతా సరిగ్గా ఉంటుంది. పాత కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ పైభాగంలోనే ఏపీ కాల్‌క్యులస్, ఏపీ సైకాలజీ అని రాసి, పక్కన యూనిట్లు కూడా వేసి ఉంటాయి. కాబట్టి ఆ ట్రాన్స్‌క్రిప్ట్ పంపితే అవి కూడా వెళ్లినట్టే అనుకుంటారు. మామూలుగా వెళ్లవు. కొత్త యూనివర్సిటీలో ఫైలు చూసే మనిషి ఆ కాలేజీలో కూర్చుని చదివిన కోర్సులను తీసుకుంటారు, పరీక్ష ద్వారా వచ్చిన క్రెడిట్‌ను పక్కన పెడతారు. ఎందుకంటే అది పాత కాలేజీ తన నిబంధనల ప్రకారం తాను తీసుకున్న నిర్ణయం. ఆ లైనులో మామూలుగా గ్రేడు ఉండదు, చాలాసార్లు స్కోరు ఎంతో కూడా ఉండదు. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు వెళ్లినప్పుడు అటెస్టెడ్ జిరాక్సు ఎంత బాగున్నా పక్కన పెట్టి ఒరిజినల్ తెమ్మంటారు కదా, ఇదీ అంతే. వాళ్లకు కావాల్సింది కాలేజ్ బోర్డ్ నుంచి వచ్చిన అసలు స్కోరు. దాన్ని ఏ స్కోరుకు ఏ క్రెడిట్ అని చెప్పే తమ పట్టికలో పెట్టి, తమ లెక్క ప్రకారం మళ్లీ మొదటి నుంచి చూస్తారు.

ఇక్కడ అందర్నీ ముంచేది ఆ ఉచిత రిపోర్టు. పరీక్ష రాసిన ఏడాది జూన్ 20 లోపు ఒక కాలేజీకి స్కోర్లు ఉచితంగా పంపుకోవచ్చు. పన్నెండో తరగతిలో దాన్ని వాడేసి ఉంటారు, అది మొదట చేరిన కాలేజీకి వెళ్లింది. రెండేళ్ల తర్వాత "స్కోర్లు పంపావా?" అంటే "ఎప్పుడో పంపాను" అంటాడు పిల్లాడు, వాడు చెప్పేదీ నిజమే. కానీ పంపింది వదిలేసి వచ్చిన కాలేజీకి. ఒక కాలేజీ తనకు వచ్చిన రిపోర్టును ఇంకో కాలేజీకి పంపదు. అదే యూనివర్సిటీకి చెందిన వేర్వేరు క్యాంపస్‌లకు కూడా స్కోరు పంపే కోడ్‌లు వేరుగా ఉంటాయి, ఒకచోటికి పంపింది ఇంకోచోట ఉంటుందని నమ్మకండి.

మా ఇంట్లో పెద్దవాడి విషయంలో ఇదే జరిగింది. "అన్నీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్నాయి, ఇంకేం పంపక్కర్లేదు" అని పాత కాలేజీ కౌన్సెలర్ గట్టిగా చెప్పారు. కొత్తచోట రిజిస్ట్రేషన్ తెరిచే రోజుకు కాల్‌క్యులస్ 1 లేదని చూపించి కాల్‌క్యులస్ 3 లోకి రానివ్వలేదు, కాల్‌క్యులస్ 2 "ఏ" గ్రేడుతో పాసైనా సరే. ఆ క్లాసులో మళ్లీ సీటు దొరికేసరికి సెమిస్టర్ పోయింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు నేను అడిగేది ఆ పంపిన తేదీ, పంపిన చోటే.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. కాలేజ్ బోర్డ్ అకౌంట్‌లోంచి కొత్త యూనివర్సిటీకి రిపోర్టు ఆర్డర్ చేయండి, ఒక్కోటి 15 డాలర్లు. అన్ని సంవత్సరాల ఏపీ స్కోర్లూ ఒకే రిపోర్టులో వెళ్తాయి, పరీక్షకొకటి విడివిడిగా కొనకండి. అడ్మిషన్ ఒప్పుకున్న వారంలోనే పంపేయండి, ఆగస్టు దాకా ఆగితే అప్పటికి వాళ్ల దగ్గర ఫైళ్ల గుట్ట ఉంటుంది. రిపోర్టు చేరేలోపు ఓరియంటేషన్ వస్తే, మీ దగ్గరున్న పీడీఎఫ్ అడ్వైజర్‌కు చూపించి పై క్లాసులోకి తాత్కాలికంగా రానివ్వమని అడగండి. క్రెడిట్‌కు చెల్లని ఆ పీడీఎఫ్ ఇక్కడ చాలాసార్లు పనికొస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ "సరే, ఈలోపు కాల్‌క్యులస్ 1 తీసుకుంటాలే" అని చేరిపోకండి. ఎందుకో తర్వాతి సమస్యలో చెప్తాను.

స్కోరు చేరినా గండం పూర్తిగా గడిచినట్టు కాదు. పాత కాలేజీ 3 కి క్రెడిట్ ఇచ్చి ఉండొచ్చు, కొత్తది అదే సబ్జెక్టుకు 4 గానీ 5 గానీ అడగొచ్చు. టెక్సస్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలు 3 కి మామూలుగా క్రెడిట్ ఇవ్వాలని చట్టం ఉన్నా, అది ఏ కోర్సుగా లెక్కకొస్తుందన్నది చూసుకోవాల్సిందే. అలాంటప్పుడు పై కోర్సు పాసైన గ్రేడు చూపించి డిపార్ట్‌మెంట్‌కు పిటిషన్ పెట్టండి. కాల్‌క్యులస్ 2 లో మంచి గ్రేడు ఉన్నవాళ్లకు మొదటిది మాఫీ చేయడం డిపార్ట్‌మెంట్లకు కొత్తేం కాదు. కానీ మాఫీ అంటే ఆ కోర్సు చేయక్కర్లేదనే, యూనిట్లు రావు. ఆ యూనిట్లు ఏదో ఒక ఎలెక్టివ్‌తో, అంటే మనం ఎంచుకునే అదనపు కోర్సుతో, పూడ్చుకోవాలి, డిగ్రీకి కావాల్సిన మొత్తంలో అవి తగ్గుతాయి. ఇది చివరి సెమిస్టర్‌లో తెలిస్తే చాలా బాధ.

పాత కాలేజీ కాగితమే పనిచేసే సందర్భం ఒకటుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఐజెట్సీ అనే జనరల్ ఎడ్యుకేషన్ (అందరూ చదవాల్సిన కోర్సుల) జాబితా, 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరినవాళ్లకు దాని స్థానంలో వచ్చిన కాల్‌జెట్సీ, ఇవి పూర్తి చేసినట్టు కాలేజీ సర్టిఫై చేస్తే, అందులో ఏపీతో నిండిన జనరల్ ఎడ్యుకేషన్ గడులు కూడా నిలుస్తాయి. టెక్సస్‌లో కోర్ (అందరికీ తప్పనిసరి కోర్సులు) మొత్తం పూర్తయిందని ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉంటే అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు దాన్నీ మొత్తంగా ఒప్పుకోవాలి. సర్టిఫికేషన్ దానంతటదే వస్తుందని కూర్చోకండి, పాత కాలేజీ వదిలేముందే అడిగి చేయించుకోండి. ఇదున్నా మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కోర్సుల కోసం స్కోరు రిపోర్టు విడిగా పంపాల్సిందే.

సమస్య: క్రెడిట్ వచ్చింది, తర్వాత పోయింది

ఏపీతో క్రెడిట్ ఉన్న సబ్జెక్టునే కాలేజీలో మళ్లీ చదివారు. ఒకే విషయానికి రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు, మామూలుగా ఏపీదే తీసేస్తారు. దీనికి మందు లేదు, అందుకే పైన అంత గట్టిగా చెప్పింది. పేర్లు వేరుగా ఉన్నా రెండూ ఒకటే అని తేల్చేవి కొన్ని ఉంటాయి, ఏపీ సైకాలజీ, కాలేజీలో ఇంట్రడక్షన్ టు సైకాలజీ లాంటివి. కాల్‌క్యులస్ ఏబీ, బీసీ రెండూ రాసినవాళ్లకూ రెండింటి మొత్తం రాదు. మెడిసిన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం తెలిసే మళ్లీ చదవాల్సి రావచ్చు, చాలా మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్‌ను సైన్స్ ప్రీరిక్విజిట్‌గా (ముందే చదివి ఉండాల్సిన కోర్సుగా) తీసుకోవు.

సమస్య: యూనిట్లు వచ్చాయి, కానీ ఎలెక్టివ్‌గా పడ్డాయి

డిగ్రీ ఆడిట్‌లో (డిగ్రీకి ఏం పూర్తయింది, ఏం మిగిలింది చూపే పట్టికలో) "జనరల్ ఎలెక్టివ్" అని ఉంటే స్కోరు చేరింది, మీ మేజర్‌కు అది చాలలేదని అర్థం. యూనివర్సిటీ ఒక కటాఫ్ పెడుతుంది, ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్ ఇంకో కటాఫ్ పెడుతుంది. యూనివర్సిటీ మొత్తానికి ఉన్న ఏపీ పట్టిక ఒక్కటే చూసి ఊరుకోకండి, మీ కాలేజీ, మీ మేజర్ పేజీ కూడా తెరవండి. పట్టిక ప్రకారం రావాల్సింది రాకపోతే అడ్వైజర్ దగ్గరకు వెళ్లండి, అది చిన్న సవరణ.

యూనిట్లు తగ్గినట్టు కనిపిస్తే మీ యూనివర్సిటీ ఏడాదిని క్వార్టర్లుగా లెక్కేస్తుందా, సెమిస్టర్లుగానా చూడండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఒక పరీక్షకు 8 క్వార్టర్ యూనిట్లంటే సెమిస్టర్ లెక్కలో 5.3 అవుతుంది. ఏం పోలేదు.

మిగిలినవి

చాలా ఏళ్ల కిందటి స్కోర్లు ఆర్కైవ్‌లోకి వెళ్లి ఉంటాయి, వాటికి విడిగా అభ్యర్థన పెట్టాలి, ఎక్కువ రోజులు పడుతుంది. ఎప్పుడో ఒక స్కోరును రద్దు చేసుకుని ఉంటే అది తిరిగి రాదు. కాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు, డార్ట్‌మత్ 2018 బ్యాచ్ (2014లో చేరినవాళ్లు) నుంచి ఆపేసింది, అలాంటిచోట మీరు ఎంత తిరిగినా లాభం లేదు, ప్లేస్‌మెంట్ (క్రెడిట్ లేకపోయినా నేరుగా పై క్లాసులోకి రానివ్వడం) గురించి అడగండి. ఐబీ, ఏ లెవెల్స్ లాంటి వేరే బోర్డుల పరీక్షలు రాసినవాళ్లకూ పైన చెప్పిందే వర్తిస్తుంది, ఫలితాలు ఆ బోర్డు నుంచే నేరుగా కొత్త యూనివర్సిటీకి రావాలి. ఇక ఇండియాలో చదివిన ఇంటర్, సీబీఎస్ఈ పన్నెండో తరగతి మార్కులను చాలా యూనివర్సిటీలు హైస్కూల్ పూర్తయినట్టుగానే చూస్తాయి. ఆ మార్కుల మీద లెక్కలు వేసుకునేముందు, ఇస్తామని రిజిస్ట్రార్ ఆఫీసు చేత ఈమెయిల్‌లో రాయించుకోండి.