ఇంటి గేమ్ సర్వర్, 5వ పాఠం: లోడ్ పెరిగింది సరే, ఏ వరుసలో?

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. సాయంత్రం ఆట బాగా సాగుతుండగా ల్యాగ్ (ఆట ఆగి ఆగి నడవడం) మొదలైన నిమిషంలోనే లోడ్ యావరేజ్ (నడుస్తున్న, కాచుకున్న పనుల సగటు లెక్క), విఎంస్టాట్ (సీపీయూ, డిస్కు, మెమొరీ స్థితి చూపే లైనక్స్ కమాండ్) రెండూ రాసి పంపమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు పనికిరాలేదు, అన్నిట్లోనూ కారణం ఒక్కటే. ఈసారి ప్లగిన్ల లెక్క చూడాల్సింది. దాన్ని పక్కకు జరుపుతున్నాను, ఎందుకంటే ఈ పొరపాటు తీరకుండా ముందుకు పోతే ఇకపై మీరు కొలిచేదంతా తప్పే అవుతుంది.

కర్నూలు నుంచి వచ్చిన ఒక నమూనా చూడండి. నాలుగు కోర్ల పాత ఆఫీసు డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు, దాని మీద మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్. లోడ్ 7.80, 6.90, 4.10 (పోయిన 1, 5, 15 నిమిషాలవి). విఎంస్టాట్ ఒకే వరుస ఇచ్చింది: ఆర్ 1, బి 6, యూఎస్ 3, ఐడీ 95, డబ్ల్యూఏ 1. ఆర్ అంటే సీపీయూ మీద నడుస్తున్న, దానికోసం కాచుకున్న పనులు, బి అంటే డిస్కు కోసం ఆగినవి. మిగతావి సీపీయూ సమయంలో శాతాలు: యూఎస్ ప్రోగ్రాములకు పోయింది, ఐడీ ఖాళీ, డబ్ల్యూఏ డిస్కు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నది. కింద వాళ్ళ తీర్పు: "సీపీయూ ఖాళీ, డిస్కు ఖాళీ, లోడ్ మాత్రం ఎక్కువ. ర్యామ్ చాలదేమో, ఎక్స్ఎంఎక్స్ పెంచాం." ఎక్స్ఎంఎక్స్ అంటే జావా హీప్‌కు, అంటే ఆట డేటా ఉండే మెమొరీకి, పెట్టే గరిష్ఠ హద్దు.

విఎంస్టాట్ అని మాత్రమే కొట్టి ఎంటర్ నొక్కితే వచ్చే ఆ ఒక్క వరుసలో సీపీయూ, డిస్కు అంకెలు ఇప్పటివి కావు. యంత్రం ఆన్ చేసినప్పటి నుంచి ఇప్పటిదాకా తీసిన సగటు. పెన్నలో ఏడాది సగటు నీళ్ళు చూసి ఈ పూట ఏరు దాటొచ్చో లేదో చెప్పలేం కదా, ఇదీ అంతే. లెక్క వేసి చూడండి. సర్వర్ 10 రోజులుగా నడుస్తోంది, అంటే 240 గంటలు. ఈ రాత్రి ఒక గంటసేపు డబ్ల్యూఏ 60 దగ్గర ఉందనుకోండి. 60ని 240తో భాగిస్తే 0.25. తెర మీద సున్నా కనిపిస్తుంది. ఆ గంటంతా డిస్కు ఊపిరాడకుండా ఉన్నా ఆ వరుస ఏమీ జరగలేదనే చెప్తుంది. అదే కరెంటు పోయి వచ్చాక పది నిమిషాలకు చూస్తే, బూట్ అయ్యేటప్పటి డిస్కు పని అంతా ఆ సగటులోకి చేరి, లేని రోగం కనిపిస్తుంది.

ఇంకా చికాకు పెట్టేది, అదే వరుసలో ఆర్, బి, మెమొరీ అంకెలు మాత్రం ఆ క్షణానివి. అంటే ఒకే వరుసలో సగం ఇప్పటిది, సగం పది రోజులది. అందుకే పై నమూనాలో బి 6 పక్కన డబ్ల్యూఏ 1 కూర్చుంది. డిస్కు కోసం ఆరు ఆగి ఉండగా డిస్కు ఖాళీ ఎలా అవుతుంది? ఈ ప్రశ్న వేసుకుని ఉంటే అక్కడే దొరికిపోయేది.

కాబట్టి ఎప్పుడూ విఎంస్టాట్, ఖాళీ, 1, ఖాళీ, 10. సెకనుకొకటి చొప్పున పది వరుసలు వస్తాయి. మొదటిది కొట్టేయండి, మిగతా తొమ్మిదే చదవండి. డిస్కు లెక్కలు చూపే అయోస్టాట్‌కూ ఇదే జబ్బు ఉంది, కాకపోతే దానికి చిన్న వై ఆప్షన్ ఇస్తే మొదటి నివేదిక వదిలేస్తుంది. ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్ చూపించే సీపీయూ శాతం కూడా ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి తీసిన సగటే. ల్యాగ్ వెతికేటప్పుడు పీఎస్‌లో ఆ నిలువు వరుసను నమ్మకండి, అదే జాబితాను ఎప్పటికప్పుడు మార్చి చూపే టాప్ చూడండి.

అదే కర్నూలు యంత్రం మీద సరిగ్గా కొట్టించాక వచ్చినవి: ఆర్ 1, బి 6, యూఎస్ 9, ఎస్‌వై 4, ఐడీ 22, డబ్ల్యూఏ 65, ఎస్‌ఐ 0, ఎస్ఓ 0. ఎస్‌వై లైనక్స్ సొంత పనికి పోయిన సీపీయూ, ఎస్‌ఐ, ఎస్ఓ స్వాప్ నుంచి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం నుంచి) వచ్చింది, దానిలోకి పోయింది. ఇప్పుడు అంతా ఒకే మాట చెప్తోంది.

లైనక్స్ లోడ్ సీపీయూ శాతం కాదు. రెండు రకాల పనుల్ని కలిపి లెక్కపెడుతుంది: సీపీయూ మీద నడుస్తున్నవీ దానికోసం కాచుకున్నవీ (ఆర్ స్థితి), మధ్యలో ఆపడానికి వీల్లేని నిద్రలో ఉన్నవి (డి స్థితి, చాలాసార్లు డిస్కు కోసం). డి స్థితిని లెక్కలో చేర్చింది 1993లో. అందుకే లోడ్ 8 అన్న మాట ఒక్కటే వింటే రోగం తెలియదు. మొదటి ప్రశ్న "ఎంత" కాదు, "ఏ వరుసలో", అంటే పనులు దేనికోసం వరుసకట్టి నిలబడ్డాయి. ఆర్ ఎక్కువైతే సీపీయూ వైపు, బి ఎక్కువైతే డిస్కు వైపు పోవాలి. పై యంత్రంలో 1, 6 కూడితే 7, లోడ్ 7.8. దాదాపు సరిపోయింది.

ఆ ఆరు ఎవరో తెలియాలంటే టాప్ తెరిచి పెద్ద హెచ్ నొక్కండి, త్రెడ్లు (ఒక ప్రోగ్రాము లోపల విడిగా నడిచే పనులు) విడివిడిగా వస్తాయి. తర్వాత చిన్న ఓ నొక్కి ఎస్, ఈక్వల్ గుర్తు, డి కొట్టండి. ఎస్, డి రెండూ పెద్ద అక్షరాలే. డి స్థితిలో ఉన్నవే మిగులుతాయి. ఇక్కడ దొరికినవి టార్ (ఫైళ్ళను ఒక్కటిగా చుట్టే కమాండ్), డిస్కు జర్నల్ (ఫైళ్ళ మార్పుల చిట్టా) రాసే త్రెడ్, మిగతావి జావా చంక్ త్రెడ్లు. చంక్ అంటే ఆట భూమిలో ఒక ముక్క. రాత్రి 9 గంటలకు క్రాన్‌తో (చెప్పిన వేళకు కమాండ్ నడిపేది) బ్యాకప్ పెట్టారు, అది ఆట ప్రపంచం ఉన్న ఫోల్డరును చుట్టి అదే డిస్కు మీద రాస్తోంది. హార్డ్ డిస్కు చెల్లాచెదురుగా చదవాల్సి వస్తే సెకనుకు నూరు చదువులు చేయడమే గొప్ప. ఆటగాడు కొత్త చోటికి పోతే చంకులు చదవాలి, టార్ ఇంకో మూల చదవాలి, రాయడం మరో మూల. డిస్కు చదివే ముల్లు అటూ ఇటూ తిరగడంతోనే సరిపోతుంది.

ఆడేవాళ్ళ ఫిర్యాదులోనే ఆధారం ఉంటుంది. "నడుస్తుంటే ముందర భూమి రావడం లేదు, ఉన్నచోట మాత్రం బాగానే ఉంది" అంటే ముందు డిస్కును అనుమానించండి. "పగలగొట్టిన దిమ్మె మళ్ళీ వస్తోంది, జంతువులు ఆగి ఆగి కదులుతున్నాయి" అంటే సీపీయూని.

మందు: బ్యాకప్‌ను తెల్లవారి 5కు మార్చండి, వేరే డిస్కు మీదికి రాయండి. ముందు సేవ్-ఆఫ్, సేవ్-ఆల్ ఫ్లష్, అయ్యాక సేవ్-ఆన్, ఇది మీకు తెలిసిందే. అయోనైస్ (డిస్కు వాడకంలో ఒక పనిని వెనక్కి నెట్టే కమాండ్) పెట్టి వదిలేస్తామని కొందరు రాశారు. డిస్కు పనుల వరుస నిర్ణయించే షెడ్యూలర్ నన్ అని ఉంటే అయోనైస్‌కు ఏ ప్రభావమూ ఉండదు. నా మట్టుకు నేను వేరే డిస్కునే నమ్ముతాను.

డబ్ల్యూఏ గురించి ఒక జాగ్రత్త. సీపీయూకి వేరే పని ఉంటే అది తగ్గిపోతుంది, డిస్కు మాత్రం అంతే నెమ్మదిగా ఉంటుంది. డబ్ల్యూఏ తక్కువని డిస్కును వదిలేయొద్దు, బి చూడండి. బి సున్నా, ఆర్ చిన్నది, లోడ్ మాత్రం దిగడం లేదంటే టాప్‌లో డి వెతకండి. ఎక్కువసార్లు అది పీకేసిన యూఎస్‌బీ డ్రైవో, ఆపేసిన వేరే కంప్యూటర్ నుంచి మౌంట్ చేసిన ఫోల్డరో అవుతుంది. డి స్థితిలో ఉన్నదాన్ని చాలాసార్లు కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే కమాండ్) కూడా చంపలేదు.

రెయిడ్ కట్టినవాళ్ళకు, అంటే రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంచేవాళ్ళకు, ఒక మాట. కరెంటు హఠాత్తుగా పోతే, వచ్చాక రెండు డిస్కులూ మొదటి నుంచి సరిపోల్చుకోవడం మొదలుపెట్టొచ్చు, అది గంటల పని. ప్రాక్ అనే ఫోల్డరులో ఎండీస్టాట్ ఫైలు చూస్తే రీసింక్ శాతం కనిపిస్తుంది. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి.

ఇప్పుడు దీనికి తిరకాసు. లోడ్ 1.3, కోర్లు నాలుగు, అయినా ల్యాగ్. ఇది అనంతపురం నుంచి వచ్చింది. ఆట సెకనుకు 20 టిక్కులు (ఆట ప్రపంచం ఒక అడుగు కదలడం) వేయాలి, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు. ఆ పని చాలావరకు ఒకే త్రెడ్ మీద జరుగుతుంది. టాప్‌లో పెద్ద హెచ్ నొక్కితే సర్వర్ త్రెడ్ ఒక్కటే 99 శాతంలో ఉంది, మొత్తం మీద చూస్తే 25 శాతమే. పేపర్ (ఇంకో రకం మైన్‌క్రాఫ్ట్ సర్వర్) వాడేవాళ్ళు ఎంఎస్‌పీటీ కమాండ్ కొట్టండి, టిక్కుకు పట్టే మిల్లీసెకన్లు చూపిస్తుంది. టిక్కుకు 70 మిల్లీసెకన్లు పడితే, వెయ్యిని 70తో భాగించి టిక్కులు 14. కోర్లు పెంచినా, ర్యామ్ పెంచినా ఇది మారదు. సిమ్యులేషన్ డిస్టెన్స్ (ఆటగాడి చుట్టూ ఎన్ని చంకుల దూరం దాకా ఆట కదలాలో చెప్పే సెట్టింగ్) 10 నుంచి 6కు దించండి. ఒక ఆటగాడి చుట్టూ 441 చంకులు ఉండేవి 169 అవుతాయి. ఆ తర్వాతే పశువుల దొడ్లు, హాపర్లు (వస్తువుల్ని పెట్టెల్లోకి చేర్చే దిమ్మెలు) చూడండి.

ఎక్స్ఎంఎక్స్ పెంచినవాళ్ళంతా వెనక్కి దించండి. హీప్ కాక జావాకు బయట కూడా మెమొరీ కావాలి. 8 జీబీ యంత్రంలో 7 ఇస్తే స్వాప్‌లోకి పోతుంది, చెత్త ఏరే పని (జావా వాడని మెమొరీని ఖాళీ చేయడం) హీప్ అంతా తిరుగుతుంది కాబట్టి డిస్కు మీద పడ్డ మెమొరీ ముక్కలన్నీ వెనక్కి రావాలి. ఎస్‌ఐ, ఎస్ఓ వరుసగా సున్నా కాకుండా ఉంటే మిగతా పరీక్షలు ఆపి ముందు అది తగ్గించండి. 8 జీబీలో నేను 5 దాటనివ్వను.

ఇక మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది గది రాత్రి 10 దాకా చల్లబడదు. చానామంది సీపీయూ పెట్టెను గోడ గూట్లో కడప బండ మీద, మూడు వైపులా మూసి, వెనకవైపు గోడకు ఆనించి పెడతారు. వేడెక్కితే ప్రాసెసర్ వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పుడు అదే టిక్కుకు ఎక్కువ సమయం పట్టి ఆర్ పెరుగుతుంది, లోడ్ పెరుగుతుంది, డబ్ల్యూఏ కదలదు. అదే ఆటగాళ్ళు, అదే ప్రపంచం, పొద్దున బాగుండి సాయంత్రం ల్యాగ్ అయితే వేడి చూపే సెన్సర్స్ కమాండ్, ప్రాక్‌లోని సీపీయూఇన్ఫోలో మెగాహెర్ట్జ్ చూడండి. ఆట నడుస్తుండగానే చూడాలి, ఖాళీగా ఉన్న కోరు మామూలుగానే తక్కువ వేగం చూపిస్తుంది. 3.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ పనిలో ఉండి కూడా 1.2 దగ్గర ఉంటే ముందు దుమ్ము ఊదండి, గూట్లోంచి బయటికి తీయండి.

అభ్యాసం. ఆటగాళ్ళు లేని వేళ, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేయండి.

నాలుగు కోర్ల యంత్రంలో ఎస్ కమాండ్‌ను (వై, ఈ, ఎస్) డెవ్ నల్ లోకి (రాసిందంతా పారేసే చోటికి) పంపుతూ ఎనిమిది నడపండి; అది ఆగకుండా ఒకే అక్షరం రాస్తూ సీపీయూని పనిలో ఉంచుతుంది. నొక్కే ముందే కాగితం మీద రాయండి: సరిగ్గా నిమిషం తర్వాత మొదటి లోడ్ అంకె ఎంత ఉంటుంది? ఎనిమిది అని రాస్తే తప్పు. అది మామూలు సగటు కాదు, నిమిషంలో దాదాపు 63 శాతమే ఎక్కుతుంది, అంటే 5 చుట్టుపక్కల. ఆపేశాక 1 కిందికి దిగడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి రాయండి. తర్వాత ప్రపంచం ఫోల్డరును అదే డిస్కు మీద కాపీ చేస్తూ ఆర్, బి, డబ్ల్యూఏ రాయండి. ఆ కాపీ నడుస్తుండగానే నాలుగు ఎస్‌లు మొదలుపెట్టి, డబ్ల్యూఏ ఏమైందో, బి ఏమైందో విడిగా రాయండి.

చివరిది పెద్దది. విఎంస్టాట్‌కు చిన్న టీ ఆప్షన్ (ప్రతి వరుసకూ సమయం వేస్తుంది), 10 సెకన్ల విరామం ఇచ్చి ఒక రోజంతా ఫైల్లోకి రాయించండి, 8,640 వరుసలు వస్తాయి. ఆడేవాళ్ళు ల్యాగ్ అన్న ప్రతి సమయాన్నీ గడియారం చూసి పక్కన రాసుకోండి. ప్రతి ఫిర్యాదుకూ ఆ నిమిషపు ఆరు వరుసలు తీసి, ఆర్ వైపా బి వైపా స్వాప్ వైపా అని ఒక్క మాట రాసి పంపండి. మొదటి వరుస పంపకండి.