కవలల కుటుంబాలను ఆరోగ్య సర్వేలో చేర్చుకునేదెలా

కవలల సర్వేలో లెక్కకొచ్చేది జంటలే. ఒకరే ఫారం నింపి రెండోవారు ఊరుకుంటే పోల్చి చూడటానికేమీ ఉండదు. కాబట్టి మొదటి ఫోన్‌లోనే ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీలు, పెద్దవాళ్లైతే ఎవరి నంబరు వారిది రాసుకోండి. అర్ధరాత్రికి అటొకరు ఇటొకరు పుడితే తేదీలు వేరవుతాయి. తేదీని బట్టి జతలు కలిపితే ఇలాంటివాళ్లు జారిపోతారు. కుటుంబానికో నంబరు, దాని చివర 1, 2 వేస్తే సరి, ముగ్గురైతే 3. స్కానింగులో ఏ, బీ అని రాసిన వరుసే కాన్పులోనూ ఉంటుందని నమ్మకండి.

ప్రకటనలో అచ్చుగుద్దినట్టున్న ఇద్దరమ్మాయిల ఫొటో పెడితే వచ్చేదీ వాళ్లే. స్వచ్ఛందంగా చేరే కవలల్లో మూడింట రెండు వంతులు ఆడవాళ్లు, మూడింట రెండు వంతులు ఒకే అండం (ఐడెంటికల్) కవలలు ఉండటం పాత జబ్బే. పోలికల్లేనివాళ్లు, అబ్బాయి-అమ్మాయి జంటలు తమను పిలవలేదనుకుంటారు. ఒకే అండం జంటలూ, వేర్వేరు అండాల జంటలూ రెండూ లేకపోతే జన్యువుల పాత్ర ఎంతో తేల్చలేం, అందుకే వాళ్లూ కావాలని విడిగా రాయండి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే జనన రికార్డుల నుంచి అందరినీ పిలవడమే మేలు.

‘మీ పిల్లలు ఐడెంటికలేనా?’ అన్న ఒక్క ప్రశ్నతో తేల్చేయకండి. కాన్పులో మాయలు (ప్లాసెంటాలు) రెండున్నాయి కాబట్టి కాదనే తల్లిదండ్రులు చాలామంది. నిజానికి ఒకే అండం కవలల్లో దాదాపు మూడో వంతుకు మాయలు వేరుగానే ఉంటాయి. చిన్నప్పుడు కొత్తవాళ్లు తికమకపడేవారా, టీచర్లు పడేవారా, ఇంట్లోవాళ్లూ పడేవారా అని విడివిడిగా అడగండి. ఇలాంటి ప్రశ్నలన్నీ కలిపి చూస్తే సుమారు 95 శాతం జంటల్లో డీఎన్‌ఏ పరీక్ష చెప్పేదే తేలుతుంది.

ఫోన్ చేసే ముందు ఇద్దరూ బతికే ఉన్నారో లేదో రికార్డులో చూడండి. నెలలు నిండకుండా పుట్టడం కవలల్లో మామూలు, ఒకరిని పోగొట్టుకున్న ఇళ్లూ ఉంటాయి. అక్కడ ‘ఇద్దరూ బాగున్నారా?’ అని మొదలుపెడితే ఇక చెప్పేదేముంది!

తల్లి రెండు ఫారాలూ ఒకే ఊపులో నింపితే రెండోది మొదటిదానికి నకలవుతుంది, లేదా తేడాలు పెద్దవైపోతాయి. వేర్వేరు రోజుల్లో పంపి, ప్రతి పేజీ పైన ఆ బిడ్డ పేరు అచ్చువేయండి. మధ్యలో ఆపి మళ్లీ అక్కణ్నుంచే నింపే వీలుండాలి.

సమ్మతి పత్రం ఎవరిది వారిదే. ఒకే అండం కవలల్లో ఒకరి డీఎన్‌ఏ రెండోవారి గుట్టూ చెప్పేస్తుంది. ఆ మాట పత్రంలో ఉండాలి. రెండోవారు జవాబివ్వకపోతే గుర్తుచేసే మెసేజ్ నేరుగా వారికే పంపండి, ‘మీ చెల్లెలికి మీరు చెప్పండి’ అని మొదటివారి మీద పెట్టకండి.